స్నేహితుల మధ్య కథల పోటీ: ప్రకటన నుంచి ఫలితాల దాకా

రాయాలని కోరిక ఉన్నవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉంటారు. ఎవరో ఒకరు గడువు పెట్టి అడిగితే గాని వాళ్ళలో ఎక్కువమంది కూర్చుని రాయరు. ఉగాదికి, దీపావళికి పత్రికలు కథల పోటీలు పెట్టడం వెనుక ఉన్న బలం అదే. అందుకు పత్రికే ఉండాలని లేదు. పాత కాలేజీ మిత్రులు, అపార్ట్‌మెంట్‌లో పుస్తకాలు చదివే నలుగురు, ఊరి లైబ్రరీకి వచ్చేవాళ్ళు, న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో నెలకోసారి కలుసుకునే తెలుగువాళ్ళు, ఎవరైనా ఒక పోటీ నడపవచ్చు. పెద్దగా ఖర్చుండదు. నెల రోజుల ఓపిక, ముందుగా రాసిపెట్టుకున్న కొన్ని నియమాలు ఉంటే చాలు.

ఇలాంటి పోటీలో పాల్గొనేవాళ్ళకు నిజంగా దక్కేది ఏమిటో మొదటే అనుకోవాలి. ఇరవై మంది రాస్తే బహుమతి ముగ్గురికే వస్తుంది. మిగతా పదిహేడు మందికి ఏం వస్తుంది? తమ కథను ఎవరో చివరిదాకా చదివి, ఎక్కడ నచ్చిందో ఎక్కడ నచ్చలేదో చెబితే, వాళ్ళు మళ్ళీ రాస్తారు. ఏ కబురూ రాకపోతే రాయరు. అందుకే కథల సంఖ్య, నిడివి, తేదీలు అన్నీ చదివేవాళ్ళ వైపు నుంచి లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందుగా చదివేవాళ్ళను కుదుర్చుకోండి

చాలామంది ముందు పోటీ ప్రకటించి, కథలు వచ్చాక న్యాయనిర్ణేతల కోసం వెతుకుతారు. అలా చేస్తే మొహమాటానికి ఒప్పుకున్నవాళ్ళే దొరుకుతారు. ముగ్గురిని ముందే అడగండి. ఎన్ని కథలు చదవాలో, ఎప్పటిలోగా చదవాలో, ఏం రాసివ్వాలో వివరంగా చెప్పి అడగండి.

లెక్క ఇలా వేయండి. సుమారు 800 మాటల కథను నింపాదిగా చదవడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. రెండోసారి చూసి, రచయితకు నాలుగు వాక్యాలు రాయాలంటే మొత్తం ఇరవై నిమిషాలు అనుకోండి. ఇరవై కథలకు 400 నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. ఉద్యోగం, ఇల్లు చూసుకునే మనిషి రోజుకు ముప్పావు గంట ఇవ్వగలిగితే తొమ్మిది రోజుల పని. మీ బృందం పెద్దదై నలభై కథలు వచ్చేలా ఉంటే ముగ్గురితో కుదరదు. ఆరుగురిని అడగండి, లేదా నిడివి సగానికి తగ్గించండి.

ముగ్గురూ ఒకే తరహా పాఠకులు కాకుండా చూసుకోండి. ముఖ్యంగా ముగ్గురూ ఒకే ప్రాంతం వాళ్ళు కావద్దు. శ్రీకాకుళం యాసలోనో, కరీంనగర్ మాటల్లోనో, కడప పలుకుబడితోనో రాసిన కథను అక్కడి మాట తెలియని మనిషి చదివితే, పలుకుబడి కూడా అచ్చుతప్పులా కనిపించే ప్రమాదం ఉంది. ఒక్కరికైనా ఆ చెవి ఉంటే మిగతా ఇద్దరికీ చెప్పగలరు. ఏ మాండలికంలోనైనా రాయవచ్చని ప్రకటనలోనూ స్పష్టంగా రాయండి. అది కనబడితేనే కొందరు తమ ఇంటి భాషలో రాసే ధైర్యం చేస్తారు.

న్యాయనిర్ణేతలు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు పోటీలో పాల్గొనకూడదు. నిర్వాహకుడికి ఏ కథ ఎవరిదో తెలుస్తుంది కాబట్టి ఆయన మార్కులు వేయకూడదు, కథ పంపకూడదు. ఈసారి నిర్వహించినవాళ్ళు వచ్చేసారి రాస్తారు.

తేదీలు

తెలుగువాళ్ళకు చక్కగా అమరే రెండు తేదీలు క్యాలెండర్‌లోనే ఉన్నాయి. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9 కాళోజీ నారాయణరావు జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. మొదటిదాన్ని కథలు పంపే గడువుగా, రెండోదాన్ని ఫలితాల రోజుగా పెట్టుకోండి. మధ్యలో పదకొండు రోజులు. కథలు సర్దడానికి ఒక రోజు, ఫలితాలు రాయడానికి ఒక రోజు తీసేస్తే చదవడానికి తొమ్మిది రోజులు మిగులుతాయి. పైన వేసిన లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ప్రకటన ఆగస్టు 8న ఇస్తే రాసేవాళ్ళకు మూడు వారాలు దొరుకుతాయి. అంతకన్నా ఎక్కువ ఇస్తే ‘తర్వాత చూద్దాం’ అని పక్కన పెట్టేస్తారు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు పాల్గొంటుంటే గడువును ‘29 రాత్రి 12 గంటలు’ అని రాయకండి. 28 అర్ధరాత్రా, 29 అర్ధరాత్రా అని అందరికీ అనుమానం వస్తుంది. ‘ఆగస్టు 29 రాత్రి 11:59, భారత కాలమానం’ అని రాసి, కింద స్థానిక సమయాలు కూడా ఇవ్వండి. ఆ వేళకు లండన్‌లో అదే రోజు రాత్రి 7:29, న్యూజెర్సీలో మధ్యాహ్నం 2:29, కాలిఫోర్నియాలో ఉదయం 11:29. మెల్‌బోర్న్‌లో మాత్రం 30వ తేదీ తెల్లవారుజాము 4:29 అవుతుంది. పోటీ చలికాలంలో పెడితే అమెరికా, బ్రిటన్ గడియారాలు ఒక గంట వెనక్కి, మెల్‌బోర్న్‌ది ఒక గంట ముందుకు జరుగుతాయి. మళ్ళీ లెక్క చూసుకోవాలి.

గడువు పెంచే అలవాటు మాత్రం చేసుకోకండి. నిద్ర మానుకుని వేళకు పంపినవాళ్ళకు అది అన్యాయం. ఎక్కువ కథలు ఎలాగూ ఆఖరి రోజునే వస్తాయి. 25 దాకా మూడే వచ్చాయని టెన్షన్ పడనక్కర్లేదు. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తు చేస్తే చాలు. చివరికి ఐదే కథలు వచ్చినా పోటీ నడపండి. ఆ ఐదుగురికీ మాట ఇచ్చాం కదా.

అంశం: అవధానం నుంచి నేర్చుకోవలసింది

‘మీకు నచ్చిన అంశం మీద రాయండి’ అంటే స్వేచ్ఛ ఇచ్చినట్టే ఉంటుంది. కానీ కొత్తగా రాసేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. ‘అమ్మ ప్రేమ’, ‘మానవత్వం’ లాంటి పెద్ద మాటలిస్తే కథలకు బదులు ఉపన్యాసాలు వస్తాయి. ఇబ్బంది పెట్టే చిన్న షరతు ఒకటి ఇస్తే బుర్ర కదులుతుంది. ఈ సంగతి మన అవధానులకు బాగా తెలుసు.

సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అర్థం పొసగని పాదం ఒకటి ఇస్తాడు. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే ‘కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అందరికీ తెలిసిందే. ఏనుగుల గుంపు దోమ గొంతులోకి దూరడమేమిటి? ఆ వింతకు ఒప్పించే సందర్భం కల్పించడమే కవి పని. దీన్ని కథకు మార్చుకోవచ్చు. నమ్మబుద్ధి కాని వాక్యం ఒకటి ఇచ్చి, కథ దాంతో ముగియాలనండి. ‘పెళ్ళికి అందరూ వచ్చారు, పెళ్ళికొడుకు తప్ప’ అన్నా చాలు, పది మంది పది దారుల్లో అక్కడికి చేరతారు.

దత్తపదిలో సంబంధం లేని నాలుగు మాటలిచ్చి, వాటితో పద్యం చెప్పమంటారు. కథకు కూడా అలాగే ‘గొడుగు, అప్పు, మేడ, రిమోట్’ అని ఇవ్వవచ్చు. కొత్తవాళ్ళకు ఇది సులువు, ఎందుకంటే నాలుగు వస్తువులు కళ్ళ ముందుంటే ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు వాటంతటవే వస్తారు. వద్దన్న అక్షరాలు వాడకుండా పద్యం చెప్పే నిషిద్ధాక్షరి నుంచి కూడా ఒక ఊహ తీసుకోవచ్చు. ‘కథలో ఎక్కడా కన్నీళ్ళు, ఏడుపు అనే మాటలు రాకూడదు’ అని చెప్పి చూడండి. దుఃఖాన్ని ఇంకో రకంగా చెప్పక తప్పదు కాబట్టి కథలు మెరుగవుతాయి.

మొదటి పోటీకి నా సలహా ఏమిటంటే, మొదటి వాక్యం ఇవ్వండి. ఖాళీ పేజీ భయం ఉండదు. ‘ఆ ఇంటి తాళంచెవి మూడో మనిషి దగ్గర ఉంది’ లాంటి వాక్యం పడితే ఎవరా మూడో మనిషి అని రాసేవాళ్ళకే ఆసక్తి పుడుతుంది. ఒకే వాక్యంతో మొదలైన ఇరవై కథలు ఇరవై చోట్ల తేలడం చూస్తే పాల్గొన్నవాళ్ళకు మిగతా కథలు కూడా చదవాలనిపిస్తుంది.

నిడివి, టైపింగ్

నిడివిని పేజీల్లో చెప్పకండి. ఫాంటు సైజు మారితే పేజీలు మారిపోతాయి. మాటల్లో చెప్పండి. అందులోనూ తెలుగుకు ఒక చిక్కుంది. ‘వెళ్ళిపోవాల్సివచ్చిందనుకున్నాడు’ అని కలిపి రాస్తే కంప్యూటర్ ఒక మాటగా లెక్కిస్తుంది, విడదీస్తే మూడు నాలుగు అవుతాయి. కాబట్టి ‘600 నుంచి 900 మాటలు, ఓ యాభై అటూ ఇటూ ఫరవాలేదు’ అని చెప్పి, గూగుల్ డాక్స్ చూపించిన లెక్కే ప్రమాణమని రాయండి.

కథ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతిలో, ఉండాలని తప్పకుండా చెప్పండి. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫోన్‌లో జీబోర్డ్‌తో టైపు చేసినా, కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తోనో లేఖినితోనో చేసినా వచ్చేది యూనికోడే. నోటితో చెబితే టైపు అయ్యే సౌకర్యం వాడేవాళ్ళకు మాత్రం ఒక్కసారి మొత్తం చదువుకుని పంపమని చెప్పండి.

టైపింగ్ రాని పెద్దవాళ్ళను వదులుకోవద్దు. చేతిరాత కాగితాల ఫొటోలు తీసి పంపమనండి. బృందంలో ఒకరు టైపు చేసి, వాళ్ళకు చదివి వినిపించి, సరేనన్నాక పంపించాలి. టైపు చేసేవాళ్ళు వాక్యాలు దిద్దకూడదు. మా బృందంలో నాకు అన్నిటికన్నా నచ్చిన కొన్ని కథలు ఇలా కాగితం మీద నుంచి వచ్చినవే.

ప్రకటన

నియమాలన్నీ ఒకే చోట, ఫోన్‌లో ఒక్కసారి చదివితే అర్థమయ్యేలా ఉండాలి. ఇలా రాయవచ్చు:

“తెలుగు భాషా దినోత్సవ సందర్భంగా మన కథల పోటీ. బృందంలో ఎవరైనా పాల్గొనవచ్చు, ఒక్కొక్కరు ఒక్క కథే పంపాలి. ప్రవేశ రుసుము లేదు. కథ ఈ వాక్యంతో మొదలవ్వాలి: ‘ఆ ఇంటి తాళంచెవి మూడో మనిషి దగ్గర ఉంది.’ నిడివి 600 నుంచి 900 మాటలు. ఏ మాండలికంలోనైనా రాయవచ్చు. కథలో గానీ చివర గానీ మీ పేరు రాయకండి. గడువు ఆగస్టు 29 రాత్రి 11:59, భారత కాలమానం. ఫలితాలు సెప్టెంబరు 9న. కథ మీద హక్కులన్నీ రచయితవే. బహుమతి వచ్చినా రాకపోయినా ప్రతి కథకూ న్యాయనిర్ణేతల అభిప్రాయం రాసి పంపుతాం.”

దీనికి తోడు, పత్రికలు అడిగే హామీపత్రం లాంటిది రెండు ముక్కల్లో తీసుకోండి: “ఈ కథ నా సొంత రచన. అనువాదం, అనుసరణ కాదు. ఇంతవరకు ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరెక్కడా పరిశీలనలో లేదు.”

హక్కుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రిజిస్టర్ చేయించినా చేయించకపోయినా రచన మీద హక్కు రాసినవాళ్ళదే. లిఖితపూర్వకంగా రాసిస్తే తప్ప అది ఇంకొకరికి బదిలీ కాదు. ‘పంపిన కథలన్నీ నిర్వాహకుల సొత్తు’ అనే వాక్యం స్నేహితుల పోటీలో ఉండకూడదు. మరో విషయం చాలామంది గమనించరు. ఎక్కడైనా ప్రచురితమైన కథను పత్రికల పోటీలు సాధారణంగా తీసుకోవు. ఇంటర్నెట్‌లోనో సోషల్ మీడియాలోనో వచ్చినా ప్రచురితమైనట్టే చూస్తారు. మీరు ఉత్సాహం కొద్దీ కథలన్నీ అందరికీ కనిపించేలా పెట్టేస్తే, ఆ రచయితకు పెద్ద పోటీకి పంపే దారి మూసుకుపోతుంది. కాబట్టి ప్రతి ఒక్కరినీ విడిగా అడిగి, సరేనన్న కథలనే బయట పెట్టండి.

చాట్‌జీపీటీ లాంటివాటి గురించీ ఒక మాట చెప్పక తప్పదు. స్పెల్లింగ్ దిద్దుకోవడానికి వాడవచ్చు, కథ మాత్రం సొంతంగా రాయాలి అని రాయండి. యంత్రం రాసినదాన్ని పట్టుకుంటామనే పరికరాలను నమ్మి ఎవరినీ నిందించకండి. అవి మనిషి రాసినదాన్ని కూడా యంత్రం రాసిందంటాయి. స్నేహితుల పోటీలో ఇచ్చిన మాటే ఆధారం.

కథలు అందుకునే పద్ధతి

వాట్సాప్ గ్రూపులో కథలు తీసుకుంటే ఎవరు పంపారో అందరికీ తెలిసిపోతుంది. గూగుల్ ఫారం మేలు. పేరు, ఈమెయిల్, కథ శీర్షిక, కథ, హామీకి ఒక టిక్కు, అంతే. ఫైలు పంపే ఏర్పాటు పెడితే పంపేవాళ్ళు గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి, పైగా వర్డ్ ఫైలు వివరాల్లో రచయిత పేరు దాగి ఉంటుంది. కథను పేస్టు చేసే పెట్టె ఇస్తే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. గూగుల్ షీటులో ఒక గడిలో 50,000 అక్షరాల దాకా పడతాయి. మన కథ అందులో ఐదో వంతు కూడా ఉండదు.

కథ అందిన రోజే ‘అందింది’ అని జవాబివ్వండి. కథ పంపిన మనిషి ఆ ఒక్క మాట కోసం ఎదురు చూస్తుంటారు.

గడువు ముగిశాక ఫారం మూసేసి, పేర్లు తీసేసి, కథలన్నిటినీ ఒకే ఫాంటులో ఒకే పత్రంలో పెట్టి 1 నుంచి 20 దాకా నంబర్లు వేయండి. నంబర్లు వచ్చిన వరసలో కాకుండా చీట్లు తీసి వేయండి. ఒక్కో కథలో ఏదైనా విలక్షణమైన వాక్యాన్ని కొటేషన్ల మధ్య పెట్టి ఇంటర్నెట్‌లో వెతకండి. కథ వేరేచోట కనబడితే ఆ రచయితతో మాత్రమే, ఫోన్‌లో, మర్యాదగా మాట్లాడి పోటీ నుంచి తీసేయండి. గ్రూపులో చెప్పాల్సిన పని లేదు.

చదవడం, ఎంచడం

ముగ్గురికీ కథలను ఒకే వరసలో ఇవ్వకండి. చివరి కథల దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా అలసిపోతారు. ఒకరికి 1 నుంచి 20, ఇంకొకరికి 20 నుంచి 1, మూడోవారికి 11 నుంచి 20 ఆ తర్వాత 1 నుంచి 10 ఇస్తే ఆ అలసట ఒకే కథల మీద పడదు.

భాషకు 20, శైలికి 20, ముగింపుకు 20, ఇలా నూటికి మార్కులు వేయించడం నాకు ఇష్టం ఉండదు. అలా చేస్తే ఏ తప్పూ లేని చప్పటి కథ గెలుస్తుంది. ఇంకో లోపం కూడా ఉంది. ఒక ఉదాహరణ చూడండి. మొదటి న్యాయనిర్ణేత ‘అ’ కథకు 82, ‘ఆ’ కథకు 80, ‘ఇ’ కథకు 78 వేశారు. రెండోవారు 81, 79, 77. మూడోవారు ధారాళంగా తేడా చూపించే మనిషి: ‘అ’కు 50, ‘ఆ’కు 75, ‘ఇ’కి 40. కూడితే ‘అ’కు 213, ‘ఆ’కు 234. ముగ్గురిలో ఇద్దరు ‘అ’ మేలన్నా ‘ఆ’ గెలిచింది. అంటే మార్కుల్లో ఎక్కువ తేడా చూపించే ఒక్క మనిషి అలవాటు ఫలితాన్ని తేల్చేసింది.

దీనికి విరుగుడు స్థానాలు. మొదటి స్థానానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1 అని ఇచ్చి చూస్తే పై ఉదాహరణలో ‘అ’కు 8, ‘ఆ’కు 7 వస్తాయి. 18వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త బోర్డా పేరు మీద ఉన్న పద్ధతి ఇది. ఇరవై కథల పోటీలో ప్రతి న్యాయనిర్ణేతనూ తమకు నచ్చిన ఐదు కథలను వరసగా పెట్టమని అడగండి. 5, 4, 3, 2, 1 పాయింట్లు. రెండు కథలకు సమానంగా వస్తే ఎక్కువమంది మొదట పెట్టినదాన్ని ముందుంచండి, అదీ సమానమైతే బహుమతి ఇద్దరికీ ఇవ్వండి.

ఆ ఐదు ఎలా ఎంచుకోవాలని అడిగితే ఇలా చెప్పండి: మొదటిసారి అన్నీ చదివి, మర్నాడు పత్రం తెరవకుండా ఏ కథలు గుర్తున్నాయో రాసుకోండి. ఆ జాబితాలోవి మళ్ళీ చదవండి. అచ్చుతప్పుల వల్ల ఏ కథనూ పక్కన పెట్టకండి.

ముగ్గురూ మాట్లాడుకోక ముందే తమ వరసలను నిర్వాహకుడికి విడివిడిగా పంపాలి. ముందే కలిసి మాట్లాడితే గట్టిగా మాట్లాడేవాళ్ళ మాట నెగ్గుతుంది. వరసలు పంపాక ఎంతసేపు మాట్లాడుకున్నా మంచిదే. రచయితలకు రాయవలసిన అభిప్రాయాలు ఆ మాటల్లోంచి పుడతాయి.

అభిప్రాయాలు, ఫలితాలు

మొత్తం పోటీలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. ‘కథ బాగుంది, ఇంకా కృషి చేయాలి’ అనేది ఎవరికైనా పంపగల వాక్యం. అందుకున్న మనిషికి తన కథ ఎవరూ చదవలేదేమో అనిపిస్తుంది. ఆ కథకు తప్ప ఇంకే కథకూ సరిపడని మాట ఒక్కటైనా ఉండాలి. ఉదాహరణకు ఇలా:

“అత్త తలుపు తీయకుండా లోపలి నుంచే మాట్లాడిన చోట కథ పట్టేసింది. ‘బియ్యం కడిగి వస్తా’ అనే ఒక్క మాటతో ఆమె కోపం తెలిసింది. తర్వాత ఇద్దరి గతాన్నీ ఒకే పేరాలో చెప్పేయడంతో ఊపు తగ్గింది. తాళంచెవి సంగతి ఇంకాస్త ఆలస్యంగా బయటపడితే చివరిదాకా ఆత్రంగా చదివేవాళ్ళం.”

నచ్చినది ముందు, చోటు చూపిస్తూ చెప్పాలి. లోపం ఒక్కటే, దిద్దుకోగలిగినదే ఎంచాలి. ఇరవై కథలకూ ముగ్గురూ రాయడం భారమనిపిస్తే తలా ఆరేడు కథలు పంచుకుని, మిగతా ఇద్దరి నోట్స్ చూసి రాయవచ్చు. ఈ ఉత్తరాలు ఫలితాల కన్నా ముందు, 9వ తేదీ ఉదయమే, ఎవరివి వాళ్ళకు విడిగా వెళ్ళాలి. బహుమతి రాలేదన్న సంగతి గ్రూపులో చూసి తెలుసుకోవడం కన్నా, తన కథ గురించి నాలుగు మంచి మాటలతో పాటు తెలియడం మేలు.

ఫలితాల్లో మొదటి మూడు కథల పేర్లు, రచయితల పేర్లు, ఒక్కోదాని గురించి రెండు వాక్యాలు ఇవ్వండి. మిగతావాటి ర్యాంకులు బయట పెట్టకండి. పాల్గొన్న అందరి పేర్లూ అక్షరక్రమంలో ఇచ్చి, మొదటి కథ రాసినవాళ్ళుంటే వాళ్ళను అడిగి, ఆ సంగతి కూడా చెప్పండి. న్యాయనిర్ణేతల పేర్లు కూడా ఆ రోజే చెప్పవచ్చు.

బహుమతిగా పుస్తకాలే ఇవ్వాలని నేననుకుంటాను. ఐదారు వందల రూపాయల పుస్తకాలు, లోపల ముగ్గురు న్యాయనిర్ణేతల సంతకాలతో. పెద్ద నగదు పెడితే ఫలితం మీద తగాదాలు మొదలవుతాయి, ఆ డబ్బు కూడా ఎవరో ఒకరి జేబులోంచే రావాలి.

ఎవరికైనా ఫలితం నచ్చక ఫోన్ చేస్తే పూర్తిగా వినండి. న్యాయనిర్ణేతల వరసలు బయటపెట్టకుండా, పద్ధతి మాత్రం వివరించండి. అప్పటికీ బాధ తగ్గకపోతే వచ్చేసారి ఆయన్నే న్యాయనిర్ణేతగా అడగండి. కథ రాసి ఓడిన మనిషి ఇతరుల కథలను చాలా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుతారు.

ఫలితాల తర్వాత వారంలోగా, అనుమతి ఇచ్చినవాళ్ళ కథలతో చిన్న పీడీఎఫ్ చేసి బృందంలో పంచండి. అదే వారంలో తర్వాతి నిర్వాహకుడి పేరు ఖాయం చేసి, ఫారం, ప్రకటన పాఠం, తేదీల పట్టిక వాళ్ళకు అప్పగించండి. సంక్రాంతికి ఫలితాలు ఇవ్వాలంటే వాళ్ళు డిసెంబరు రెండో వారానికల్లా ప్రకటన సిద్ధం చేసుకోవాలి.